అరణ్యస్నానం: అనుభూతి ఎంత, శాస్త్రం ఎంత?

జపాను భాషలో 'షిన్‌రిన్' అంటే అడవి, 'యోకు' అంటే స్నానం. ఈ రెండు మాటలను జోడించి 'షిన్‌రిన్-యోకు' అనే పదాన్ని 1982లో ఆ దేశపు అటవీశాఖ అధిపతి తోమోహిదె అకియామా వాడుకలోకి తెచ్చారు. మనం దీనిని అరణ్యస్నానం అనుకోవచ్చును. ఇందులో నీటితో పనిలేదు. అడవిలో ప్రవేశించి, గమ్యమంటూ పెట్టుకోకుండా, కళ్ళు, చెవులు, ముక్కు తెరచి ఉంచుకొని మెల్లగా తిరగటమే ఈ స్నానం. ఎంత మెల్లగా అంటే, ప్రయోగాలలో పాల్గొన్నవారు రెండు గంటలలో నడిచినది రెండున్నర కిలోమీటర్లు. మామూలు మనిషి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తాడు. కనుక దీనిని వ్యాయామమనటం కష్టం. మధ్యమధ్య ఆగవచ్చు, కూర్చోవచ్చు, చెట్టు బెరడును చేతితో తడిమి చూడవచ్చు, ఏమీ చేయకుండా ఉండనూవచ్చు.

మాట ముందు పుట్టింది. ప్రయోగాలు తరువాత వచ్చాయి. ఈ వరుసను పాఠకులు గుర్తుంచుకోవటం మంచిది. శాస్త్రంలో సాధారణంగా ఒక విషయం తెలిసిన పిమ్మట దానికి పేరు పెడతారు. ఇక్కడ ఒక ప్రభుత్వశాఖ పేరు పెట్టి ప్రజలను అడవులకు ఆహ్వానించింది. నగానో రాష్ట్రంలోని అకసావా అడవి ఈ ఉద్యమానికి పుట్టినిల్లు. అక్కడ హినోకి అనే సైప్రస్ జాతి వృక్షాలు మూడు వందల ఏళ్ళ వయస్సువి ఉన్నాయి. రాజుల కాలంలో ఆ చెట్టును నరికినవాడి తల నరికేవారని చెప్పుకుంటారు. (అంత ఘనంగా కాపాడిన అడవిలో ఎవరి మనస్సుకైనా నెమ్మది కలగటంలో వింతలేదు.) 1990లో యోషిఫుమి మియజాకి అనే శాస్త్రజ్ఞుడు యకుషిమా ద్వీపంలో చేసిన చిన్న ప్రయోగంతో కొలతలు మొదలైనాయి. ఆ పిమ్మటి కథను చెప్పే గ్రంథమే ఇప్పుడు మన విమర్శకు విషయం. దాని పేరు 'షిన్‌రిన్-యోకు: ది ఆర్ట్ అండ్ సైన్స్ ఆఫ్ ఫారెస్ట్ బేదింగ్'. రచయిత తోక్యోలోని నిప్పన్ వైద్య విద్యాలయానికి చెందిన డాక్టరు చింగ్ లీ. పెంగ్విన్ వారు 2018లో ప్రచురించారు.

ఈ పుస్తకాన్ని గురించి ఇప్పుడు వ్రాయటానికి ఒక కారణం ఉన్నది. ఇందులోని సంగతులు పుస్తకం చదవనివారికి కూడా చేరిపోయాయి. వారపత్రికలలోను, చేతిఫోనులలోను వ్యాపించి, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ, చివరకు 'అడవిలో తిరిగితే కాన్సరు రాదు' అనేంతవరకు వచ్చాయి. మా జంతుశాస్త్ర తరగతిలో ఒక విద్యార్థి ఈ మాటే అడిగాడు. అడగటం తప్పుకాదు. ఇటువంటి ప్రశ్నకు 'నిజమే' అనిగాని, 'అంతా బూటకం' అనిగాని ఒక్కమాటలో బదులు చెప్పి ఊరుకోవటమే తప్పు. రోగంతో ఉన్న ఒక ఇంటిలో ఆ ఒక్కమాట ఎంతపని చేస్తుందో చెప్పలేము.

ముందు గ్రంథంలోని మంచిని చెప్పాలి. అరణ్యస్నానం చేసే పద్ధతిని వివరించిన రెండవ అధ్యాయం హాయిగా సాగుతుంది. ఫోనును, కెమేరాను వదలి వెళ్ళండి. కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు పొండి. ఆకుల మధ్యనుంచి పడే వెలుతురును చూడండి. ఏ పక్షి ఎక్కడ కూస్తున్నదో వినండి అని రచయిత ఒక్కొక్క ఇంద్రియాన్నీ పేరుపేరునా పలకరిస్తారు. వైద్యుడు వ్రాసినా మందుల వాసన లేని అధ్యాయమిది. ఆజ్ఞలు లేవు, ఆసనాలు లేవు, గురుశిష్య సంబంధం లేదు. ముసలివారు, మోకాళ్ళ నొప్పులవారు కూడా చేయదగిన పని. ఫొటోలు కూడా చాలా అందమైనవి. ఒక వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు తన విద్యార్థులను తోటకు తీసుకుపోయేముందు ఈ అధ్యాయం చదువుకుంటే, పాఠం మునుపటికన్న బాగా నడుస్తుందని నా నమ్మకం.

చిక్కంతా 'శాస్త్రం' అనే మాట దగ్గర వస్తున్నది. ఈ పుస్తకంలో బలమైన ఆధారం ఉన్న సంగతి, బలహీనమైన ఆధారం ఉన్న సంగతి ఒకే గొంతుతో వినిపిస్తాయి. చదువరికి ఏది ఏదో తేడా తెలియదు. ఆ రెండింటినీ వేరుచేసి చూద్దాము.

బాగా పరీక్షించిన సంగతి ఇది. మియజాకి, ఆయన సహచరులు జపానులోని 24 అడవులలో చేసిన ప్రయోగాల ఫలితాలను 2010లో ప్రకటించారు. మొత్తం 280 మంది యువకులు పాల్గొన్నారు. ఒక్కొక్క చోట ఉన్నవారిలో సగంమంది మొదటిరోజు అడవికి, సగంమంది పట్టణానికి వెళ్ళారు; రెండవరోజు తారుమారైనారు. అందువల్ల ప్రతివ్యక్తినీ అతనితోనే పోల్చి చూడటానికి వీలైంది. ఇది మెచ్చుకోదగిన పద్ధతి. రెండుచోట్లా సుమారు పావుగంట నడిచారు, పావుగంట కూర్చుని చుట్టూ చూశారు. అడవిలో ఉన్నప్పుడు నాడి నెమ్మదించింది, రక్తపీడనం తగ్గింది, లాలాజలంలో కార్టిసాల్ అనే హార్మోను తక్కువగా కనిపించింది.

ఇలా జరగటానికి కారణం మన పాఠ్యపుస్తకాలలోనే ఉన్నది. శరీరంలోని స్వయంచోదిత నాడీవ్యవస్థకు రెండు భాగాలున్నాయి. సహానుభూత నాడులు మనలను పరుగుకో పోరాటానికో సిద్ధంచేస్తాయి. గుండె వేగం పెంచుతాయి. సహసహానుభూత నాడులు దానికి కళ్ళెం వేసి, జీర్ణక్రియకు విశ్రాంతికి అవకాశమిస్తాయి. బజారులో హారను మోత, ఎదురువచ్చే బండి, తప్పించుకోవలసిన గోతులు మొదటి భాగాన్ని తట్టిలేపుతూనే ఉంటాయి. చెట్లమధ్య ఆ తట్టటం ఉండదు. గుండె కొట్టుకునే వ్యవధులలోని చిన్న హెచ్చుతగ్గులను కొలిచి ఈ రెండింటిలో ఏది పైచేయిగా ఉన్నదో అంచనా కట్టవచ్చు. ఆ ప్రయోగాలలో ఇదీ కొలిచారు. అడవిలో రెండవ భాగానిదే పైచేయి అయింది.

ఐతే ఎంత తేడా? నాడిలో నిమిషానికి మూడు నాలుగు. సిస్టోలిక్ రక్తపీడనంలో నూటికి రెండు పాళ్ళకు మించలేదు. పీడనం 120 మిల్లీమీటర్లు ఉన్న యువకునికి ఇది రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. మనం కుర్చీలో నిటారుగా కూర్చుని కొలిపించుకున్నా, కాలుమీద కాలు వేసుకుని కొలిపించుకున్నా ఇంతకంటె ఎక్కువ తేడా రావచ్చు. సంఖ్యాశాస్త్రం ప్రకారం ఈ తేడా యాదృచ్ఛికం కాదు, నిజమైనదే. నిజమైన తేడా వేరు, పెద్ద తేడా వేరు అన్న సంగతిని పదవ తరగతి విద్యార్థికి నేర్పటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. ఈ రెండు మిల్లీమీటర్లను నమ్ముకొని రక్తపీడనపు మాత్రలు మానుకోవటం ప్రమాదం. పైగా ఆ యువకులందరూ ఆరోగ్యవంతులు. జపాను అడవిలోని చల్లదనం వారికి తోడుంది. వైశాఖమాసపు ఎండలో మన అడవిలో నడిచేవాడి నాడి తగ్గుతుందని ఆ అంకెలను చూపి చెప్పటానికి వీలులేదు.

మరొక విచిత్రం ఉన్నది. కార్టిసాల్ మీద జరిగిన అనేక ప్రయోగాలను ఇటలీ పరిశోధకులు కొందరు 2019లో ఒకచోట చేర్చి పరిశీలించారు. అడవిలో నడిచినవారికి కార్టిసాల్ తగ్గినమాట నిజమేనని తేల్చారు. కాని నడక మొదలుపెట్టకముందే, అడవికి వెళ్ళినవారిలో ఆ హార్మోను పట్టణానికి వెళ్ళినవారిలోకంటె తక్కువగా ఉన్నట్లు కూడా కనిపించింది. అంటే 'ఈరోజు మేము అడవికి పోతున్నాము' అన్న ఊహకే కొంత ఫలితం ఉన్నదన్నమాట. మందు అని చెప్పి చక్కెర బిళ్ళ ఇచ్చినా కొందరికి గుణం కనిపిస్తుంది. దానిని ప్లాసిబో అంటారు. మందుల పరీక్షలో రోగికి తెలియకుండా చక్కెర బిళ్ళ ఇవ్వవచ్చు. తాను అడవిలో ఉన్నాడో బజారులో ఉన్నాడో మనిషికి తెలియకుండా చేయటం ఎలా? ఈ రంగంలోని ప్రతి పరిశోధకుడికీ ఎదురయ్యే ఇబ్బంది ఇదే.

ఇక రెండవ సంగతి. డాక్టరు లీ గారికి పేరు తెచ్చినది, కాన్సరు మాటకు మూలమైనది ఇదే కనుక దీనిని నిదానంగా చూడాలి.

మన రక్తంలోని తెల్లకణాలలో సహజ సంహారక కణాలనే జాతి ఒకటి ఉన్నది. వైరస్ సోకిన కణాలను, కాన్సరు కణాలుగా మారినవాటిని ఇవి గుర్తించి, వాటి పొరకు రంధ్రంచేసి, లోపలికి ప్రోటీనులను పంపి చంపుతాయి. డాక్టరు లీ బృందం తోక్యో కంపెనీలలో పనిచేసే 12 మంది పురుషులను మూడు పగళ్ళు, రెండు రాత్రుల యాత్రకు అడవికి తీసుకువెళ్ళింది. మొదటిరోజు రెండు గంటలు, రెండవరోజు పూట పూటకు రెండేసి గంటలు నడిపించి, రక్తం తీసి చూసింది. 12 మందిలో 11 మందికి సంహారక కణాల చురుకుదనం పెరిగింది. పెరుగుదల సుమారు నూటికి యాభై. ఈ ఫలితాన్ని 2007లో ప్రకటించారు. 'ఇది ప్రయాణపు ఉల్లాసం కావచ్చుగదా' అన్న అనుమానం తీర్చటానికి ఇంకొక యాత్రను నగరానికి చేయించి, అంతే నడిపించారు. అప్పుడు పెరుగుదల లేదు. అడవియాత్ర ఫలితం మాత్రం వారంరోజులకు పైగా నిలిచినట్లు 2008లో వ్రాశారు.

దీనికి కారణంగా రచయిత చూపేది చెట్ల వాసన. మొక్కలు తమను క్రిములనుంచి కాపాడుకోవటానికి గాలిలోకి వదిలే ద్రవ్యాలకు 'ఫైటన్సైడు'లని రష్యా శాస్త్రజ్ఞుడు బొరిస్ తోకిన్ 1928లో పేరుపెట్టారు. పైన్, సైప్రస్ చెట్ల దగ్గర వచ్చే ఘాటైన పరిమళానికి కారణమైన పైనీనులు ఇందులోనివే. ఈ ఊహను పరీక్షించటానికి డాక్టరు లీ మరొక 12 మందిని మూడు రాత్రులు నగరంలోని హోటలులో ఉంచి, గదిలోకి హినోకి నూనె ఆవిరిని పంపారు. వారిలోనూ సంహారక కణాల చురుకుదనం పెరిగినట్లు 2009లో ప్రకటించారు.

చదవగానే గొలుసు పూర్తయినట్లు తోస్తుంది: చెట్టు, వాసన, కణం, కాన్సరు. ఒక్కొక్క లంకెనూ లాగి చూస్తే సంగతి తెలుస్తుంది. హోటలు ప్రయోగంలో పోలిక దేనితో? అదే మనుష్యుల మామూలు పనిరోజుతో. ఆఫీసు, ఇల్లు, రైలు ప్రయాణం వదలి హోటలులో నిద్రపోవటం వల్లనే ఆ మార్పు వచ్చిందేమో! నూనె లేని గదిలో ఇంకొక 12 మందిని పడుకోబెట్టి ఉంటే తెలిసేది. విద్యార్థులు కిరణజన్య సంయోగక్రియ ప్రయోగంలో ఒక ఆకుకు నల్లకాగితం చుట్టి, ఇంకొకదానిని వదలివేస్తారు. ఆ వదలివేసిన ఆకు లేకపోతే ప్రయోగానికి మాట్లాడే నోరు ఉండదు. నగరయాత్రతో పోల్చిన ప్రయోగం ఇంతకంటె మెరుగైనదే, కాని అక్కడ వాసన ఒక్కటే మారలేదు. శబ్దం, చూపు, గాలి, రాత్రి చీకటి అన్నీ ఒక్కసారే మారాయి. ఫలితం అడవిదని చెప్పవచ్చు. పైనీనుదని చెప్పటానికి వీలులేదు.

చివరి లంకె అన్నిటికన్న బలహీనం. సంహారక కణాల చురుకుదనాన్ని కొలిచేది పరీక్షనాళికలో. రక్తకాన్సరునుంచి పెంచిన కణాలను ఈ కణాలతో కలిపి, ఎన్ని చచ్చాయో లెక్కిస్తారు. నాళికలో చచ్చిన కణాల లెక్కకు, మనిషికి ఇరవై ఏళ్ళ తరువాత వ్యాధి రాకపోవటానికి మధ్య ఎంతో దూరమున్నది. ఆ దూరం దాటటానికి వేలమందిని ఏళ్ళతరబడి గమనించాలి. 12 మందిని మూడురోజులు గమనిస్తే చాలదు. డాక్టరు లీ, సహచరులు 2008లో జపాను రాష్ట్రాలన్నిటి అడవుల విస్తీర్ణాన్ని, కాన్సరు మరణాలను పోల్చి ఒక వ్యాసం వ్రాశారు. పొగత్రాగే అలవాటును, ఆర్థికస్థితిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. అయినా రాష్ట్రాల సగటులను పోల్చి వ్యక్తి విషయంలో నిర్ణయం చేయటానికి వీలులేదు. అడవులు ఎక్కువగా ఉన్న రాష్ట్రంలో చనిపోనివాడు ఎన్నడూ అడవిలో కాలుపెట్టనివాడే కావచ్చు! డాక్టరు లీ ప్రయోగాలు చేయకూడదని నేను అనటంలేదు. చిన్న ప్రయోగాలే పెద్దవాటికి దారి చూపుతాయి. వాటిని చేసినవారే జనరంజక గ్రంథం వ్రాసినప్పుడు, తమ అంకెలమీద తామే అనుమానం చూపవలసిన బాధ్యత రెట్టింపవుతుంది. ఆ బాధ్యత ఈ గ్రంథంలో తేలికగా తీరిపోయింది.

మూడవ అధ్యాయం చూడండి. అడవిని ఇంటిలోకి తెచ్చుకోవటమెలాగో అందులో ఉన్నది: కుండీలలో మొక్కలు, సీసాలలో సువాసన నూనెలు, వాటిని ఆవిరిచేసే పరికరాలు. ఇక్కడ గ్రంథకర్త వాదం రెండుగా చీలిపోతున్నది. ఫలితమంతా వాసనదే ఐతే, రెండవ అధ్యాయంలో అంత అందంగా చెప్పిన నడక అనవసరం. నూనె సీసా చాలు. ఫలితం నడకది, చూపుది, నిశ్శబ్దానిది ఐతే నూనె సీసా దండుగ. రెండూ కావాలంటే దేని పాలు ఎంతో చూపాలి. ఆ లెక్క లేనప్పుడు లాభపడేది నూనెలు అమ్మేవారే.

చెట్లు గాలిలోకి వదిలేది పరిమళమొక్కటే కాదు. యుద్ధానంతరం జపాను ప్రభుత్వం కొండలమీద 'సుగి' చెట్లను విస్తారంగా నాటించింది. 1964 తరువాత విదేశాల కలప చౌకగా దిగుమతి కావటంతో వాటిని నరికేవారు తగ్గారు. చెట్లు ముదిరి, వసంతకాలంలో మేఘాలవలె పుప్పొడిని వదులుతున్నాయి. 2019లో ముక్కు, చెవి, గొంతు వైద్యులలోను, వారి కుటుంబాలలోను జరిపిన సర్వేలో నూటికి 38.8 మందికి సుగి పుప్పొడి పడదని తేలింది. కళ్ళు ఎర్రబడి, తుమ్ములతో, ముఖానికి ముసుగులతో తిరిగేవారికి ఫిబ్రవరి, మార్చి నెలలలో అరణ్యస్నానం చేయమని ఎవరు చెబుతారు? అటువంటి సుగి తోటల విస్తీర్ణాన్ని పదేళ్ళలో అయిదోవంతు తగ్గించాలని ప్రభుత్వం 2023లో నిర్ణయించింది. ప్రజలను అడవికి పిలిచిన శాఖకే ఈ చెట్లను తగ్గించే పని కూడా పడింది. అడవి అంటే అంతా అమృతమే అనుకునేవారు ఈ చరిత్ర చదవాలి.

ఇంతా చెప్పి, చెట్లమధ్య నడకవల్ల లాభం లేదని నేను అనను. నా అభిప్రాయంలో లాభం ఉన్నది. దానికి మంచి సాక్ష్యం కాన్సరు కణాలలో కాక వేరేచోట ఉన్నది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో 1972 నుంచి 1981 వరకు పిత్తాశయం తీయించుకున్న రోగుల రికార్డులను రోజర్ ఉల్‌రిచ్ పరిశీలించాడు. కిటికీలోనుంచి చెట్లు కనిపించే గదులలోని 23 మందిని, ఇటుకగోడ కనిపించే గదులలోని 23 మందితో జతకట్టి చూశాడు. మొదటివారు సగటున 7.96 రోజులలో, రెండవవారు 8.70 రోజులలో ఇంటికి వెళ్ళారు. మొదటివారికి ఘాటైన నొప్పిమందుల అవసరం కూడా తగ్గింది. 1984లో వచ్చిన ఈ వ్యాసమూ చిన్నదే, ఒక్క ఆసుపత్రిదే. ఐనా అక్కడ కిటికీలోనుంచి చెట్లు చూడటమే తప్ప నడక లేదు.

ఇంకొక సాక్ష్యం మన ఉపాధ్యాయులకు మరింత దగ్గరిది. మిషిగన్ విశ్వవిద్యాలయంలోని రేచెల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు అవధానాన్ని రెండు రకాలుగా విభజించారు. ఒకటి మనం ప్రయత్నించి నిలిపేది. పరీక్షాపత్రాలు దిద్దేటప్పుడు వాడేది. అది అలసిపోతుంది. నలభయ్యో పత్రం దగ్గర మనం చదివిన వాక్యమే మళ్ళీ చదువుతుంటాము. రెండవది ప్రయత్నం లేకుండా దానంతట అది పోయేది. కదిలే ఆకులమీద, పారే నీటిమీద నిలిచేది. ఈ రెండవది పనిచేసే సమయంలో మొదటిది సేదతీరుతుందని వారి సిద్ధాంతం. స్టీఫెన్ కాప్లాన్‌తో కలసి మార్క్ బెర్మన్, జాన్ జోనిడెస్ 2008లో దీనిని పరీక్షించారు. 38 మంది విద్యార్థులను ఒకసారి వృక్షవాటికలోను, ఒకసారి ఊరి నడిబజారులోను సుమారు యాభై నిమిషాలు నడిపించారు. అంకెలను వెనుకనుంచి ముందుకు చెప్పే పరీక్ష పెట్టగా, చెట్లమధ్య నడిచి వచ్చినప్పుడు ఎక్కువ అంకెలు చెప్పగలిగారు. జనవరి చలిలో నడిచినవారికి ఆ నడక ఏమంత సంతోషం కలిగించలేదు. అయినా అంకెలు మెరుగైనాయి. 'అంతా ఉల్లాసంవల్లనే, ఊహవల్లనే' అనేవారికి ఇది కొంత సమాధానం. ఇంకొక బృందానికి ప్రకృతి చిత్రాలు మాత్రమే చూపినా అవధానంలో మేలు కనిపించింది. చిత్రాలలో పైనీను వాసన లేదుగదా!

ఈ పరీక్షకు పరికరాలు అక్కరలేదు కనుక ఏ ఉన్నత పాఠశాలలోనైనా చేయవచ్చు. ఉపాధ్యాయుడు 4, 7, 2, 9 అని సెకనుకొక అంకె చదివితే విద్యార్థి 9, 2, 7, 4 అనాలి. సరిగా చెబితే అయిదంకెలు, పిదప ఆరు. ఎంతవరకు చెప్పగలిగాడో వ్రాసుకోవాలి. తరగతిని చీట్లు వేసి రెండుగా విభజించి, సగంమందిని దగ్గరి తోపులో అరగంట, మిగిలినవారిని బజారువీధిలో అరగంట మెల్లగా నడిపించాలి. రెండు బృందాలతోను ఒక్కొక్క పెద్దవారు వెళ్ళాలి. మరుసటి వారం అదేరోజు, అదేవేళకు తారుమారు చేయాలి. ఏ ఫలితం వస్తుందని మనం ఎదురుచూస్తున్నామో ముందుగా చెప్పరాదు. వరుసగా రెండవసారి పరీక్ష రాసేవారికి అలవాటువల్లనే అంకెలు పెరుగుతాయి కనుక, ఎవరు ముందు ఎక్కడికి వెళ్ళారో పట్టికలో తప్పక ఉండాలి. అంకెలు చదివే ఉపాధ్యాయునికి మాత్రం ఏ విద్యార్థి ఎటునుంచి వచ్చాడో తెలియకూడదు. అందువల్ల అందరూ చెప్పులు బయట విడిచి, చొక్కాలకు అంటిన ఆకులు దులుపుకొని లోపలికి రావాలి.